జోలార్‌పేట బండి ఎక్కించిన హోంగార్డు

గంగులయ్య తన గురించి రాయమని నన్ను అడగలేదు. రాస్తానంటే వద్దనీ అనలేదు. పేరు మార్చమంటావా అంటే బీడీ అయిపోయేదాకా ఆలోచించి, అక్కరలేదన్నాడు. కాబట్టి ఆయన పేరు ఆయనదే. నేను దాచింది ఒక ఊరి పేరు మాత్రమే. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డు మీది ఆ ఊళ్లో నన్ను పిలిచి టీ ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ కథలో వాళ్ల తప్పు కొంత ఉంది. నా తప్పు అంతకంటే కొంచెం ఎక్కువే ఉంది.

ఆయన పుట్టింది గొర్రెలు మేపే ఇంట్లో. తండ్రి ఓబులప్పకు నలభై గొర్రెలు, రెండెకరాల రాతి చేను. వరసగా మూడేళ్లు వానలు లేక గొర్రెలు సగం సంతకు, సగం మట్టికి పోయాయి. తొంభై ఒకటిలో గంగులయ్య హోంగార్డుగా చేరాడు. హోంగార్డు అంటే బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఖాకీ బట్టలు వేస్తారు, లాఠీ ఇస్తారు, కానీ ఉద్యోగం ఇవ్వరు. డ్యూటీ పడిన రోజుకే కూలి. పై అధికారికి కోపం వస్తే మరుసటి రోజు నుంచి డ్యూటీ పడదు, అంతే. ఊరివాళ్ల కంటికి గంగులయ్య పోలీసు, పోలీసుల కంటికి కూలివాడు. ఈ రెండు కళ్ల నడుమ పన్నెండేళ్లకు పైగా నిలబడ్డాడు.

గొర్రెల వాళ్లకు ఒక విద్య ఉంది. ప్రతి ఇంటికీ ఒక చెవి గుర్తు ఉంటుంది. ఒకరు చెవి కొన చీలుస్తారు, ఒకరు అంచున గోటి ఆకారంలో కోస్తారు, ఒకరు ఎడమ చెవికి రెండు గాట్లు పెడతారు. కొండ మీద తప్పిపోయి వేరే మందలో కలిసిన గొర్రెను ఎవరూ తరమరు. తమ వాటితో పాటే మేపి, నీళ్లు పెట్టి, సంతలో కబురు చెబుతారు. ఆ గుర్తు గల ఇంటాయన వచ్చి తోలుకుపోతాడు. పోతూ ఒక బీడీ ఇస్తాడు. నేను మైసూరు నుంచి నాగపూరు దాకా గ్రంథాలయాల్లో దుమ్ము పీల్చినవాణ్ణి. ఆ పుస్తకాలు చెప్పే న్యాయశాస్త్రంలో ఇంత పొట్టిగా, ఇంత పూర్తిగా ఉన్న చట్టం ఒక్కటీ కనబడలేదు.

గంగులయ్య ఆ విద్యను మనుషుల మీదికి తెచ్చాడు. దారి తప్పి ఆ ఊరి పోలీసు ఔట్‌పోస్టుకు చేరిన ముసలివాళ్లను, మాట్లాడనివాళ్లను చేతి మీది పచ్చబొట్టు చూసి ఏ సీమ వాళ్లో చెప్పేవాడు. ఒక మూగ తాతను కర్ణాటకలోని ముళబాగిలు పక్క మనిషని చెబితే అది నిజమైంది. ఇంకో ఇద్దరి విషయంలోనూ నిజమైంది. అప్పటి నుంచి అలాంటి మనిషి ఎవరు దొరికినా 'గంగులయ్యను పిలవండి' అనేవారు. కూలివాడికి దక్కిన గౌరవం అదొక్కటే. దాన్ని ఆయన గట్టిగా పట్టుకున్నాడు.

తొంభై ఏడు వేసవి మొదట్లో ఆ ఊరి బస్టాండుకు ఒకామె వచ్చింది. పాతికేళ్లుంటాయి. తల నున్నగా గొరిగి ఉంది. మాట లేదు, ఏదో రాగం తీస్తూ ఉండేది. మొదటి వారం అందరూ అన్నం పెట్టారు. రెండో వారం అంగళ్ల ముందు నిద్రపోతోందని కసిరారు. మూడో వారం ఆమె విసిరిన రాయి ఒకటి బస్సు అద్దానికి తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ అంగళ్లవాళ్లు ఔట్‌పోస్టుకు అర్జీ పెట్టాలనుకున్నారు. ఊళ్లో నాలుగు ముక్కలు చక్కగా రాయగలవాణ్ణి అప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను. 'ప్రజా భద్రత దృష్ట్యా సదరు స్త్రీని ఇక్కడి నుండి తరలించవలసిందిగా' అని రాశాను. ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. ఇద్దరికి చదివి వినిపించాను కూడా. ఎక్కడికి తరలించాలో రాయలేదు. అది నేను ఆలోచించవలసిన సంగతని నాకు అప్పుడు తోచలేదు.

ఔట్‌పోస్టంటే రెండు గదులు. ముందు గదిలో ఒక పెద్ద చెక్కపెట్టె. అల్లర్లు జరిగితే పెట్టుకోవడానికి పైనుంచి వచ్చిన హెల్మెట్లు అందులో ఉన్నాయి. అల్లర్లు జరగలేదు, పెట్టె తెరవలేదు. ఆమెను ఆ పెట్టె మీదే కూర్చోబెట్టారు.

చట్టం మంచిదే. మతి చెడి తిరిగే మనిషి దొరికితే మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ఆయన ఉత్తర్వు తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. పెద్దాసుపత్రి హైదరాబాదులో ఉంది. పోను ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. తోడుగా ఇద్దరు పోవాలి, అందులో ఒకరు ఆడమనిషై ఉండాలి. ఔట్‌పోస్టులో ఆడమనిషి లేదు. ఉన్నా చార్జీలు లేవు. ఆ రోజు పై ఆఫీసు నుంచి ఏదో పని మీద వచ్చిన గుమాస్తా మునిరత్నం, ఔట్‌పోస్టు హెడ్డు కానిస్టేబులుకు ఆ సంగతి విడమరిచి చెప్పాడట. అంతకు ముందు ఏడు ఒక ముసలాయన్ను హైదరాబాదు తీసుకుపోయిన కానిస్టేబుల్ బిల్లు మూడుసార్లు తిరిగొచ్చిందనీ, ఆ ఖర్చు రాయడానికి బడ్జెట్టులో ఎక్కడా చోటు లేదనీ అన్నాడు.

"పోలీసు కుక్కకు మాంసానికి పద్దు ఉండాది. గుర్రానికి గుగ్గిళ్లకు ఉండాది. ఈయమ్మకు యాడ ఉండాదో నువ్వే సూపియ్యన్నా, నేను రాస్తా" అన్నాడు మునిరత్నం. నవ్వుతూ అనలేదు. ఆయన మంచివాడే. పద్దుల పుస్తకం ఎదుట మంచివాడు చేయగలిగింది ఏమీ లేదు.

ఎదురుగా టీ అంగడి రేడియోలో ఆ నెలంతా రాష్ట్ర బడ్జెట్టు కబుర్లే. శాంతిభద్రతలకు ఇన్ని కోట్లు, ఆరోగ్యానికి అన్ని కోట్లు అని చదువుతుంటే నేనూ తల ఊపుతూ విన్నవాణ్ణే. కోట్లు వినడానికి బాగుంటాయి. అవి హైదరాబాదు నుంచి బయలుదేరి, జిల్లాలు దాటి, ఆ ఔట్‌పోస్టుకు వచ్చేసరికి ఒక హెల్మెట్ల పెట్టె అయ్యాయి.

హెడ్డు గంగులయ్యను పిలిచాడు. గంగులయ్య ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని చూశాడు. మూడు వరసల చుక్కలు, వాటి చుట్టూ మెలికలు తిరిగిన గీత. అరవ ఇళ్ల ముందు వేసే ముగ్గు మాదిరి ఉంది. "ఇది తిరపత్తూరు పక్క పని సార్. అరవ దేశం మనిషే" అన్నాడు.

ఆ మాటతో అందరి గుండెలూ తేలికపడ్డాయి. అప్పట్లో ఒక పద్ధతి నడిచేది, ఎక్కడా రాసి ఉండేది కాదు. ఎవరి మనిషిని వాళ్లకు పంపించెయ్యడం. మనవాళ్లు అటు పంపితే, అటువాళ్లు ఇటు పంపేవాళ్లు. టమేటా లారీలో ఒకరు, రైల్లో ఒకరు. పంపిన మనిషే ఆరు నెలలకు మళ్లీ వచ్చి అదే బస్టాండులో కూర్చున్న సందర్భాలూ ఉన్నాయట. మూడు రాష్ట్రాలు కలిసే చోట కాపురముండటంలో ఉన్న సౌకర్యం ఇది. సిగ్గు పడవలసిన పని దేన్నైనా హద్దు దాటించెయ్యవచ్చు.

గంగులయ్య ఆమెను పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులో కుప్పం తీసుకుపోయాడు. దారిలో బన్ను, టీ ఇప్పించాడు. ఆమె అల్లరి చేయలేదు. కుప్పంలో దిగి రైల్వేస్టేషను వైపు నడుస్తుండగా ఒక్కసారి ఆమె నడక మారింది. అప్పటిదాకా కాళ్లీడ్చుకుంటూ వచ్చిన మనిషి చటుక్కున పక్కకు తిరిగి, రామకుప్పం పోయే రోడ్డు పట్టుకుని బిరబిరా నడిచింది. గంగులయ్య పరుగున పోయి, ముందుకు వచ్చి, చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఆగింది. భుజం తట్టి వెనక్కు మళ్లించాడు. గొర్రెను మళ్లించడం ఆయనకు చిన్నప్పటి పని. లాఠీ ఎత్తలేదు, గొంతు పెంచలేదు. ఎంత సున్నితంగా మళ్లించాడో చెబుతున్నప్పుడు ఆయన మొహం చూడలేక నేను రోడ్డు వైపు చూశాను.

అరవ దేశంలోని జోలార్‌పేట పోయే పాసింజరులో కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. అదే పెట్టెలో పూలబుట్టతో ఉన్న ఒకామెకు, మీ పక్క మనిషేనమ్మా, దిగేటప్పుడు దించు అని అప్పగించాడు. బండి కదిలాక ఆయనకు తేలికగా అనిపించింది. ఒక గొర్రె దాని మందకు చేరినట్టే అనుకున్నాడు. ఆ మర్నాడు అంగళ్లవాళ్లు ఔట్‌పోస్టుకు టీ పంపించారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. తాగాను.

రెండువేల సంవత్సరంలో గంగులయ్యకు కుప్పం పక్క డ్యూటీ వేశారు. అడవిలో నుంచి ఏనుగులు దిగి రాగిచేలు తొక్కుతుంటే టపాకాయలు పేల్చి అదిలించే బందోబస్తు. ఆ మరుసటి ఆగస్టులో ఒక వార్త వచ్చింది. తమిళ దేశంలో ఏర్వాడి అనే చోట మతి చెడినవాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచిన పాకకు నిప్పంటుకుని ఇరవై ఎనిమిది మంది కాలిపోయారు. గొలుసుల వల్ల పరుగెత్తలేకపోయారు. దేశమంతా విన్న వార్తే. గంగులయ్య మాత్రం దాన్ని వేరే విధంగా విన్నాడు. పోయినవాళ్ల పేర్లు పేపర్లో వేశారని తెలిసి, ఆ పేపరు సంపాదించి, ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చిందట. తాను బండెక్కించిన మనిషి పేరు తనకు తెలియదు. ఆ జాబితాలో ఏ పేరు కోసం వెదకాలో తెలియదు.

ఆ గొడవ తర్వాత కొన్నాళ్లకు ఇళ్లల్లో ఇలాంటి రోగులు ఎంతమంది ఉన్నారో లెక్క తీయమని పైనుంచి ఫారాలు వచ్చాయి. ఫారం అచ్చువేయడానికి డబ్బు దొరికింది. నింపిన తర్వాత ఏం చేయాలన్న దానికి మాత్రం దొరికినట్టు లేదు. రామకుప్పం పక్క పల్లెలకు నర్సు ఆదిలక్ష్మి పోయింది. ఏనుగుల దారి కాబట్టి తోడుగా గంగులయ్యను పంపారు.

ఒక ఇంటి ముందు అక్కమ్మ అనే అరవై ఏళ్లామె రాగులు చెరుగుతూ ఉంది. ఇంట్లో అట్లాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా అని నర్సు అడిగితే, ఉండింది అని చెప్పింది. కూతురు స్వర్ణలత. కాన్పులో బిడ్డ పోయాక మతి చెడింది. మొగుడు తెచ్చి దించిపోయాడు. గుండు చేయించి మొక్కులు తీర్చారు. ఒకటి రెండుసార్లు వెళ్లిపోయి మళ్లీ వచ్చేది, తొంభై ఏడులో పోయింది మాత్రం రాలేదు. మదనపల్లె రోడ్డులో చూశామని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి అక్కమ్మ నెలకోసారి పుంగనూరు, మదనపల్లె బస్టాండ్లకు పోయి వెదికి వస్తోంది. గుర్తులేమైనా చెప్పమ్మా అని ఆదిలక్ష్మి కలం పట్టుకుంది. అక్కమ్మ తన ఎడమ చెయ్యి చాపి, అదే చోట వేలితో గీసి చూపింది. మూడు వరసల చుక్కలు, చుట్టూ మెలిక.

"కుప్పం గంగమ్మ జాతరలో పొడిపించుకునింది తల్లీ. తిరపత్తూరు నుంచి పొడిసేదొకతె వస్తాది గదా, దాని దగ్గర. వద్దంటే ఇనలేదు" అంది అక్కమ్మ.

గొర్రె చెవి కోసేది ఇంటాయన. మనిషి చెయ్యి పొడిచేది ఊళ్లు తిరిగే మనిషి. ఇంత చిన్న తేడా తనకు ఎందుకు తోచలేదో గంగులయ్యకు ఈనాటికీ అంతుపట్టదు. ఆ క్షణంలో ఆయనకు కళ్ల ముందు కనబడింది పచ్చబొట్టు కాదు, కుప్పంలో ఆ రోడ్డు. ఆమె ఇంటికి పోతోంది. దారి తెలిసే పోతోంది. తాను అడ్డం నిలబడ్డాడు.

ఆదిలక్ష్మి ఫారం నింపింది. అక్కమ్మ వేలిముద్ర వేసింది. గంగులయ్య పక్కనే నిలబడి, నీళ్లు తాగి వచ్చేశాడు.

రెండేళ్లు చెప్పలేదు. చెబితే డ్యూటీ పోతుంది, ఇంట్లో భార్య గౌరమ్మ, ఇద్దరు పిల్లలు. అది నిజమైన భయమే, కానీ దాని వెనక ఇంకోటి ఉందని ఆయనే అన్నాడు. తాను మంచిగా చేశాననుకున్న పని అది, తప్పని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ముసలామె మాత్రం నెలకోసారి బస్సెక్కి, కూతురు లేని దిక్కుకు పోతూనే ఉంది. తాను నోరు మూసుకున్న ప్రతి నెలా ఆమె కాళ్లు అరుగుతూనే ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు స్పష్టంగా తెలుసు. పలమనేరు బస్టాండులో ఒకసారి, కుప్పంలో ఒకసారి చద్ది మూటతో నిలబడిన ఆమెను చూసి బస్సు వెనకాల దాక్కున్నాడు. ఖాకీ బట్టల్లో ఉన్న మనిషి ఒక ముసలామెకు భయపడి బస్సు చాటున వంగి నిలబడ్డాడు.

మూడోసారి ఆమే ఆయన్ను చూసింది. కుప్పం బస్టాండు, పొద్దున. నర్సుతో వచ్చిన పోలీసాయన అని గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది. మదనపల్లె బస్సు ఏదో చూసి ఎక్కించమంది, మోకాళ్లు పట్టేశాయంది. గంగులయ్య బస్సు చూశాడు. మూట అందుకున్నాడు. మోచెయ్యి పట్టి మెట్టు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి దిగాడు. బస్సు కదిలింది. నాలుగు గజాలు పోయిందో లేదో, పరుగెత్తి దాని రేకు మీద రెండు చేతులతో బాదాడు. డ్రైవరు బూతులు తిడుతూ ఆపాడు. తల్లినీ కూతురినీ ఒకే చేత్తో ఎక్కించాననిపించిందట.

ఆమెను దించి, బస్టాండు అరుగు మీద కూర్చోబెట్టి, నిలబడే చెప్పాడు. ఔట్‌పోస్టు, పచ్చబొట్టు, బస్సు, జోలార్‌పేట బండి, అన్నీ చెప్పాడు. రామకుప్పం రోడ్డు మాట ఒక్కటి మాత్రం చెప్పలేదు.

అక్కమ్మ తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. "ఏమన్నా తినిందా?" అని అడిగింది.

"బన్ను తినిందమ్మా. టీ తాగింది."

"దానికి టీ పడదు" అంది. తర్వాత మూట చంకన పెట్టుకుని లేచింది. "పద. ఏ బండో నీకే గదా తెలుసు."

ఆ రోజు డ్యూటీ ఎగ్గొట్టి ఆమెతో జోలార్‌పేట పోయాడు. దొరకలేదు. తర్వాత నాలుగు నెలల్లో ఇంకో మూడుసార్లు పోయారు. ప్రతిచోటా అక్కమ్మ ఒకటే పని చేయించింది. కూలీల దగ్గర, టీ అంగళ్ల దగ్గర, రైల్వే పోలీసుల దగ్గర తాను నోరు తెరవదు. "నువ్వే సెప్పప్పా" అని పక్కన నిలబడుతుంది. గంగులయ్య తనకు వచ్చిన పాటి అరవంలో ప్రతివాడికీ మొదటి నుంచి చెప్పాలి. నేనే ఎక్కించాను, మీ పక్క మనిషి అనుకున్నాను, కాదు. విన్నవాళ్లలో కొందరు నవ్వారు. ఒక రైల్వే పోలీసు, మేమూ అంతే చేస్తామన్నా అని టీ ఇప్పించబోయాడు. తిట్టినవాళ్ల కంటే ఆయన ఎక్కువ బాధపెట్టాడన్నాడు గంగులయ్య.

నాలుగోసారి ఒక పండ్లమ్మే ఆమె, ఊరి బయట దిక్కులేని ఆడవాళ్లకు ఒక ఆశ్రమం ఉంది చూడండి అంది. అక్కడ పందిరి కింద నలుగురైదుగురు వేరుశెనక్కాయలు ఒలుస్తున్నారు. అందులో జడ వేసుకుని, ఒళ్లు చేసి, స్వర్ణలత ఉంది. ఆరేళ్లు గడిచాయి. మాత్రలు వాడుతున్నారట. తల్లిని చూసి లేచి, చేతుల పొట్టు దులుపుకుని, "యాల ఇంతసేపు?" అని అడిగింది. అక్కమ్మ కూతురి తల నిమురుతూ నిలబడింది.

ఆశ్రమం నడిపే ఆమె ఒక కాగితాల కట్ట తెచ్చింది. మొదటి ఏడాదిలోనే ఈ అమ్మాయి రామకుప్పం పేరు చెప్పిందట. మన పక్క ఒక ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాశారు. రెండో దానికి జవాబు వచ్చింది. తోడు పంపడానికి ప్రస్తుతం నిధులు లేవు, బంధువులు వచ్చి తీసుకుపోవలసింది అని. ఆ బంధువులకు ఎవరు చెప్పాలన్నది అందులో లేదు. కుప్పం నుంచి రామకుప్పానికి సైకిలు మీద ఒక మనిషి పోయి రావడానికి ఏ శాసనసభా నిధులు మంజూరు చేయనక్కరలేదు. ఆ మాట నాకు చెబుతూ గంగులయ్య ఎవర్నీ తిట్టలేదు. 'ఆ జవాబు రాసినాయన కూడా నా మాదిరే తేలిగ్గా ఊపిరి తీసుకునుంటాడు' అన్నాడు. నా అర్జీ గుర్తొచ్చి, అది రాసింది నేనేనని అప్పుడు ఒప్పుకున్నాను. తెలుసునన్నాడు. ఆ చేతిరాత చూశాడట.

తీసుకుపోయే ముందు రిజిస్టరులో సంతకం చేయాలి. ఈ మనిషి ఎలా తప్పిపోయింది అని ఒక గడి ఉంది. ఆశ్రమం ఆమె కలం అక్కమ్మ వైపు చాపితే, అక్కమ్మ గంగులయ్య వైపు చూపించింది. ఆయన రాశాడు. పేరు, నంబరు, ఔట్‌పోస్టు, తేదీ, అన్నీ వేశాడు. అక్కమ్మ చదవమంది. చదివాడు. రెండు నెలల్లో ఆ కాగితం ఎవరి చేతికో చేరింది, ఆయనకు డ్యూటీ పడటం ఆగిపోయింది. ఇప్పుడు పుంగనూరు సంతలో గొర్రెల బేరాలు కుదురుస్తాడు.

సాయంత్రం బండికి జోలార్‌పేట స్టేషనులో ముగ్గురూ కూర్చున్నారు. స్వర్ణలత కొంగులో కట్టుకొచ్చిన వేరుశెనక్కాయలు తింటోంది. అక్కమ్మ పట్టాల వైపు చూస్తూ అడిగింది.

"కుప్పంలో దిగినంక ఇది యాటికన్నా పోబొయ్యిందా?"

ఆమెకు ఎలా తట్టిందో ఆయనకు తెలియదు. కూతురు చెప్పిందేమో, తల్లి కాబట్టి తట్టిందేమో. లేదనవచ్చు. అంతా చెప్పాను గదా, ఇదొక్కటి మిగిలితే ఏమని ఒక నిమిషం అనుకున్నాడు.

"రామకుప్పం రోడ్డు పట్టిందమ్మా."

"నువ్వేం జేసినావు?"

"మళ్లించినాను."

అక్కమ్మ తల ఊపింది. బండి వచ్చాక కూతురి చెయ్యి పట్టుకుని, మూట సర్దుకుని, మెట్టు మీద కాలు పెట్టింది. మూట అందుకోబోయిన గంగులయ్య చేతిని పక్కకు జరిపింది.

"నువ్వు ఇంకో పెట్లో ఎక్కప్పా" అంది. కోపంగా కూడా అనలేదు.

ఎక్కాడు. జోలార్‌పేట నుంచి కుప్పానికి పట్టేది గంట. ఆరేళ్ల పాటు స్వర్ణలత ఇంటికి గంట దూరంలోనే ఉంది. ఆ గంటంతా గంగులయ్య తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. లోపల సీట్లు చాలా ఖాళీగా ఉన్నాయట.